పన్నెండు మందికి ఎన్ని రకాలు?

విస్తరివాది: ఆదివారం మధ్యాహ్నం పన్నెండు మంది భోజనానికి వస్తున్నారంటే పదకొండు రకాలైనా ఉండాలి. పప్పు, ఒక వేపుడు, ఒక ముద్దకూర, పచ్చడి, సాంబారు, చారు, పులిహోర, గారెలు, ఏదో ఒక తీపి, అప్పడాలు, పెరుగు. ఇందులో ఆర్భాటం ఏమీ లేదు, ఇది తెలుగువాళ్ల భోజనానికి ఉన్న వరస. పప్పూ నెయ్యితో మొదలై పెరుగుతో ముగిసే ఆ వరసలో ఏ ఒక్కటి తీసేసినా ఎక్కడో వెలితి తెలుస్తుంది. పైగా "మీరొస్తున్నారని ఇవన్నీ చేశాం" అని నోటితో చెప్పనక్కర్లేదు. విస్తరి చూస్తేనే వచ్చినవాళ్లకు తెలుస్తుంది.

మితవాది: అది తెలుస్తుంది సరే, దాని వెనక ఎవరు ఎంతసేపు నిలబడ్డారో మాత్రం తెలియదు. గారెల సంగతే తీసుకుందాం. గారె వేడిగా తింటేనే గారె. పన్నెండు మందికి తలా రెండు, పిల్లలు ఉంటే ఇంకో ఆరు, మొత్తం ముప్పై. ఇంట్లో ఉండే మూకుడులో వాయకు ఐదు పడతాయి. పైన మాడకుండా, లోపల పచ్చి లేకుండా మధ్యస్తం మంట మీద వేగాలంటే వాయకు ఐదారు నిమిషాలు. ఆరు వాయలు వేసేసరికి అరగంట దాటుతుంది. ఆ అరగంటా హాల్లో అందరూ "గారెలు భలే కుదిరాయండీ" అంటుంటారు. ఇల్లాలు మాత్రం చెయ్యి తడుపుకుని, పిండి తట్టి, మధ్యలో చిల్లు పెట్టి నూనెలోకి జారవిడుస్తూ పొయ్యి దగ్గరే ఉంటుంది. ఫోన్లు చేసి అందర్నీ పిలిచింది ఆవిడే, వాళ్లతో రెండు మాటలు మాట్లాడే తీరిక లేనిదీ ఆవిడకే.

నాలుగు రకాలు చాలు. నాలుగూ బాగుండాలి, నాలుగూ సరిపోవాలి. వండినవాళ్లు కూడా అందరితో పాటు కూర్చుని తినాలి.

విస్తరివాది: గారెల దగ్గర మీ మాట కాదనలేం. దానికి విరుగుడు పాతవాళ్లే చెప్పారు. గారెల బదులు ఆవడలు పెట్టుకోవచ్చు. పొద్దున్నే వేసి తాలింపు పెట్టిన పెరుగులో పడేస్తే మధ్యాహ్నానికి నాని, వేడి గారెల కంటే బాగుంటాయి.

అసలు రకాల లెక్క వేరు, పని లెక్క వేరు. ఏది ఎప్పుడు చేయాలో తెలిస్తే పదకొండు రకాలు భారం కావు. పులిహోర చూడండి. చింతపండు పులుసు ముందురోజు రాత్రే చిక్కగా ఉడికించి పెట్టుకోవచ్చు. పొద్దున అన్నం కాస్త పలుకుగా వండి, వెడల్పాటి బేసిన్లో ఆరబోసి, పసుపూ నూనె పట్టించి, పులుసూ పోపూ కలిపి మూత పెడితే చాలు. ఎనిమిదింటికి కలిపిన పులిహోర ఒంటిగంటకు తింటేనే దాని రుచి. పప్పు కుక్కర్లో దానంతట అది ఉడుకుతుంది. చేపల పులుసైతే ముందురోజు చేసిందే మేలు. ఇక ఆవకాయ, కందిపొడి, వడియాలు, ఊరమిరపకాయల శ్రమంతా ఎండాకాలంలోనే అయిపోయింది. నిండు విస్తరిలో మూడో వంతు జాడీల్లోంచి, డబ్బాల్లోంచి వస్తుంది. చివరి అరగంటలో పొయ్యి మీద ఉండాల్సింది ఒక వేపుడు, అప్పడాల మూకుడు, అంతే.

మితవాది: ఆదివారం పొద్దుటి పని శనివారం రాత్రికి జరిగింది గానీ తగ్గలేదు కదా! జాడీల మాట మాత్రం ఒప్పుకోవాలి. మంచి ఆవకాయ ఉన్న ఇంట్లో హఠాత్తుగా ఎవరొచ్చినా కంగారు పడరు. అలా అయితే ఆవకాయ, నెయ్యి, అప్పడాలను లెక్కలోంచి తీసేద్దాం, అవి ఎలాగూ ఉంటాయి. పొయ్యి మీద కొత్తగా వండేవి నాలుగే ఉండాలి.

ఇంకోటి. మీరు తెలుగువాళ్ల వరస అన్నది నిజానికి కోస్తా జిల్లాల్లోని కొన్ని ఇళ్ల వరస. తెలంగాణలో దావత్ అంటే బగారా అన్నం, మటన్ కూర, పక్కన పచ్చిపులుసు. రాయలసీమలో రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల పచ్చడి పెడితే లోటు జరిగిందని ఏ అతిథీ అనుకోడు. తక్కువ రకాలతో పెద్ద మర్యాద చేయడం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు.

విస్తరివాది: దావత్‌లో రకాలు తక్కువని ఎవరన్నారు? యాట కోస్తే తలకాయ కూర వేరు, బోటీ వేరు, పాయా వేరు, కార్జం వేపుడు వేరు. పేరుకు ఒక్క మాంసం, గిన్నెలు మాత్రం ఐదు. సీమలోనూ సంగటి ఇంటి భోజనమే గానీ, పెళ్లివాళ్లు వస్తే ఓళిగలు, చిత్రాన్నం, పాయసం వరసగా వస్తాయి. మీరు చెప్పిన మూడు రకాల భోజనం దగ్గరివాళ్లకు. కొత్తగా వచ్చేవాళ్లకు ఆ ప్రాంతాల్లోనూ విస్తరి పెద్దదే.

మితవాది: ఆ తేడా ఒప్పుకోదగ్గదే. కానీ రకాలు పెరిగినప్పుడు పరిమాణం తగ్గాలి, మన ఇళ్లలో అది జరగదు. "తక్కువైతే పరువేం కాను?" అన్న భయంతో ప్రతి వంటా అదొక్కటే ఉన్నట్టు పన్నెండు మందికీ నిండుగా చేస్తారు. కూరలతో తినేటప్పుడు మనిషికి 100 నుంచి 125 గ్రాముల బియ్యం సరిపోతాయి. పన్నెండు మందికి కిలోన్నర. పులిహోరకు ఇంకో కిలో, పిల్లలు తింటారని వెజిటబుల్ పలావుకు మరో కిలో వేశారనుకోండి, తెల్లన్నం బియ్యం మాత్రం తగ్గించరు. మూడున్నర కిలోలు వండితే అన్నం ఎనిమిది కిలోలు దాటుతుంది. పన్నెండు పొట్టలకు అంత చోటెక్కడిది?

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ల నుంచే. భారతదేశంలో ఇళ్లలో వృథా అయ్యేది మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా. పెళ్లి విందుల్ని తిట్టడం మనకు సులువు. సోమవారం పొద్దున మన ఫ్రిజ్ తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

విస్తరివాది: ఆ లెక్కలో అరటితొక్కలు, చికెన్ ఎముకలు కూడా కలిశాయని చెప్పడం మరిచారు. పైగా మిగిలినదంతా చెత్తబుట్టలోకే పోతుందా? పులిహోర, కూర డబ్బాల్లో సర్ది, వెళ్లేవాళ్ల చేతిలో పెట్టడం మన ఇళ్లలో విందులో భాగమే. ఆ డబ్బా తిరిగి ఇవ్వడానికి వాళ్లు ఇంకోసారి వస్తారు, ఖాళీ డబ్బా ఇవ్వరు కాబట్టి అందులో ఏదో ఒకటి తెస్తారు.

ఇంకో సంగతి కూడా చూడాలి. రకాలు ఎక్కువుంటే మనుషులు నిజంగానే ఎక్కువ తింటారు. బార్బరా రోల్స్ బృందం 1981లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే రకం శాండ్‌విచ్ పెట్టినప్పటి కంటే నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం దాదాపు మూడో వంతు ఎక్కువ తిన్నారు. ఒకే రుచి తింటుంటే కాసేపటికి దాని మీద మొహం మొత్తుతుంది, కొత్త రుచి రాగానే ఆకలి మళ్లీ లేస్తుంది. పప్పు తర్వాత పులుసు, పులుసు తర్వాత చారు అని వరస పెట్టినవాళ్లకు ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే తెలుసు.

మితవాది: మీరు గొప్పగా చెప్పిన ఆ మూడో వంతే ఇవాళ్టి ఇబ్బంది! భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పన్నెండు మంది పెద్దవాళ్లను పిలిస్తే అందులో ఒకరిద్దరు షుగర్ మాత్ర వేసుకుని వచ్చినవాళ్లే. వాళ్ల ముందు పులిహోర, తెల్లన్నం, బూరెలు పెట్టి "ఇవాళ్టికి ఏం కాదులెండి" అని బలవంతం చేయడం ఏం మర్యాద?

విస్తరివాది: బలవంతం తప్పే, దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ రకాలు తగ్గిస్తే షుగర్ ఉన్నవాళ్లకు మేలు జరుగుతుందన్నది భ్రమ. ఈ రోజుల్లో నాలుగు రకాలంటే ఏమవుతోందో మీకు తెలియంది కాదు. బిర్యానీ, చికెన్ ఫ్రై, పెరుగు చట్నీ, గులాబ్ జామూన్. అక్కడ షుగర్ ఉన్నాయన ఏం తినాలి? శనివారం మాంసం ముట్టనివాళ్లు, కార్తీకమాసం నియమం ఉన్నవాళ్లు, ఉల్లీ వెల్లుల్లీ తినని పెద్దావిడ, కారం పడని పిల్లలు ఏం తినాలి? పెరుగు చట్నీ గిన్నె చుట్టూ ముగ్గురు నిలబడటం చాలా విందుల్లో కనిపించే దృశ్యమే. అదే నిండు విస్తరిలో పప్పు ఉంది, బీరకాయ కూర ఉంది, చారు ఉంది, మజ్జిగ ఉంది. ఎవరికి పడనిది వాళ్లు వదిలేసినా కడుపు నిండుతుంది. ఎందుకు తినట్లేదో పదిమందిలో చెప్పుకోవాల్సిన ఇబ్బందీ ఉండదు. ఈ చివరిది చిన్న విషయం కాదు.

మితవాది: కాదు, నిజమే. బిర్యానీ ఒక్కటీ పెట్టి చేతులు దులుపుకునే విందును సమర్థించడం కష్టం. అది తక్కువ రకాలకు చెడ్డ ఉదాహరణ.

దానికి మందు అడగడమే. ఇవాళ చేతిలో ఫోన్ ఉంది, పిలిచేటప్పుడే ఒక్క మాట అడిగితే పదకొండు రకాల వల వేయాల్సిన పని లేదు.

విస్తరివాది: "ఏం చేయమంటారు?" అని తెలుగువాళ్లను అడిగి చూడండి. "అయ్యో, ఏదైనా పర్లేదండీ, మా కోసం ప్రత్యేకంగా ఏం చేయకండి" అంటారు. పది మందిలో తొమ్మిది మంది జవాబు అదే. అలా అన్నవాళ్లే వచ్చాక చికెన్ మానేసి మూడు నెలలైందని నెమ్మదిగా చెబుతారు.

మితవాది: ఆ ప్రశ్నకు అదే జవాబొస్తుంది. ఏం తింటారని కాదు, ఏం తినరని అడగాలి. ఏం కావాలో చెప్పడానికి మొహమాటపడే మనిషి, ఏం పడదో చెప్పడానికి అంత మొహమాటపడడు. మంగళవారం, శనివారం నియమాలున్నాయా, మందులేమైనా వాడుతున్నారా, పిల్లలకు వేరుశనగలాంటివి పడవా? ఈ మూడూ తెలిస్తే నాలుగు వంటలతో అందరినీ తృప్తిపరచొచ్చు. ఇంకో ముఖ్యమైన ప్రశ్న, భోజనం ఎన్నింటికి చేస్తారు? ఒంటిగంటకని పిలిస్తే రెండున్నరకు దిగేవాళ్లున్న ఊళ్లలో ఇది రుచికి మించిన విషయం.

వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎంతసేపు ఉంటే క్రిములు అంతగా పెరుగుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సూత్రం ప్రకారం గది వేడిలో రెండు గంటలు, వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట, అంతకు మించి బయట ఉంచకూడదు. మే నెలలో విజయవాడలో డైనింగ్ టేబుల్ మీద గిన్నెలు పన్నెండింటికి సర్ది నాలుగింటికి తీస్తే లెక్క ఎక్కడికి పోయింది? అన్నమైతే మరీ జాగ్రత్త. అందులో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు వండినా చావవు. బయట వదిలేసిన అన్నంలో అవి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పదకొండు గిన్నెలను వేడిగా ఉంచడం ఏ ఇంటి వంటగదికీ సాధ్యం కాదు. నాలుగైతే ఉంచొచ్చు.

విస్తరివాది: మాంసం, కొబ్బరి పచ్చడి విషయంలో మీరన్నది నిజం. అయితే పాత విస్తరిని కూర్చినవాళ్లకూ ఫ్రిజ్ లేదు. అందుకే ప్రయాణాలకు పులిహోర కట్టేవారు, చింతపండు పులుపు అన్నం పాడవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆవకాయకు ఉప్పూ నూనే కాపలా. అప్పడం, వడియం ఎండినవి. పదకొండింటిలో త్వరగా పాడయ్యేవి నాలుగైదే, వాటిని చివర్లో తెచ్చి వడ్డిస్తే సరి. టేబుల్ మీద అన్నీ ఒకేసారి పరిచి "మీరే పెట్టుకోండి" అనడం బఫే వచ్చాక నేర్చింది. వడ్డించే పద్ధతిలో గిన్నె వంటింట్లోనే మూత కింద ఉంటుంది.

మితవాది: వడ్డించే మనిషి మళ్లీ నిలబడే ఉంటుంది!

అది పక్కన పెడదాం. మీ గీత ఎక్కడ ఆగుతుంది? పదకొండే ఎందుకు, ఇరవై ఎందుకు కాకూడదు? 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు పెట్టింది. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో ఏటా సంక్రాంతికి ఎవరు ఎన్ని పెట్టారన్నది వార్తే.

విస్తరివాది: ఆ 365ను సమర్థించే ఉద్దేశం లేదు. ఒక్కోదాంట్లో ఒక చెంచా తిన్నా ఏ మనిషీ సగం కూడా రుచి చూడలేడు. అది కెమెరా కోసం పెట్టింది. సరదాగా ఒకసారి చేసుకుంటే చేసుకోనివ్వండి, దాన్ని భోజనాల కొలతగా తీసుకోకూడదు.

ఇక గీత అంటారా? 2017 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం విందులకు ఒక హద్దు పెట్టింది. శాకాహారంలో ఏడు, మాంసాహారంలో ఏడు, తీపీ పళ్లకు కలిపి రెండు స్టాళ్లు. పెళ్లివిందుల్ని అదుపు చేయాలని కోపంగా కూర్చున్న ప్రభుత్వమే పద్నాలుగు దాకా ఒప్పుకుంది. మన పదకొండు అందులోపలే ఉన్నాయి.

మితవాది: బాగుంది! ప్రభుత్వం విధించిన గరిష్ఠాన్ని మీరు కనిష్ఠం చేసుకున్నారు.

మన నేల మీద అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లలో మొదట గుర్తొచ్చేది కోనసీమ లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు. 1909లో కన్నుమూసిన ఆవిడ పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. ఎన్ని రకాలు పెట్టేవారని ఆవిడ గురించి ఎవరూ చెప్పుకోరు. ఏ వేళకు వెళ్లినా పెట్టేవారని చెప్పుకుంటారు.

విస్తరివాది: సీతమ్మ గారు పెట్టింది ఆకలికి. దారిన పోయేవాడికి రెండు ముద్దల అన్నమే అమృతం. ముహూర్తం చూసుకుని పిలిచిన వియ్యపురాలు ఆకలేసి రాదు. ఆవిడకు చూపించాల్సింది ఆదరణ. ఈ రెండింటినీ ఒకే త్రాసులో వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

మితవాది: ఆదరణ చూపించడానికే అయితే అన్నీ ఇంట్లోనే ఎందుకు వండాలి? తీపి విషయంలో ఈ పట్టింపు ఎప్పుడో పోయింది. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, తాపేశ్వరం కాజా తెప్పించి పెడితే చిన్నతనం కాదు సరికదా, "అక్కణ్నుంచి తెప్పించారా!" అని మెచ్చుకుంటారు. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరి వీధి చివర కర్రీ పాయింట్ నుంచి దొండకాయ వేపుడు తెస్తే మాత్రం దాన్ని స్టీలు గిన్నెలోకి మార్చి, కవరు కనిపించకుండా దాచాలా?

విస్తరివాది: పూతరేకు ఇంట్లో చేయలేం కాబట్టి కొంటాం. వేపుడు చేయగలిగీ కొంటే వచ్చినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. అయినా సగం దాకా మీతో రావొచ్చు. అన్నం, పప్పు, ఒక కూర ఇంటివై ఉండి, మిగిలినవి తెప్పించినా విస్తరి నిండుగానే ఉంటుంది. అమెరికాలో మన తెలుగువాళ్లు ఈ దారి ఎప్పుడో పట్టారు. ఇంటికి ముప్పై మంది వస్తుంటే బిర్యానీ ఒక ట్రే, ఇగురు ఒక ట్రే బయట చెప్పి, పప్పూ చారూ ఇంట్లో చేసుకుంటారు. లేదా పాట్‌లక్ పెట్టుకుంటారు. పది కుటుంబాలు, పది వంటలు. నడుం విరగకుండా విస్తరి నిండే మార్గం అది.

మితవాది: పాట్‌లక్‌కు వాట్సాప్‌లో పట్టిక రాసుకోకపోతే నాలుగు ఇళ్ల నుంచి పులిహోర వస్తుంది, తెల్లన్నం ఎవరూ తేరు. ఇక్కడి పెద్దవాళ్లకైతే "పిలిచి, వంట మీరే తెచ్చుకోమంటారా?" అని మనసు నొచ్చుకుంటుంది. అయినా పని పంచుకోవడంలో అంతకంటే మంచి పద్ధతి కనిపించదు. వింతేమిటంటే, మీరు రకాలు తగ్గకూడదంటూనే శ్రమ తగ్గే దారులన్నీ వెతుకుతున్నారు.

విస్తరివాది: శ్రమను ఎవరు సమర్థించారు? ఇక్కడ గొడవంతా రకాల మీద పెట్టుకున్నాం గానీ, మనిషి అలిసిపోయేది రకాల వల్ల కాదు, అన్నీ ఒక్కరే చేయడం వల్ల. పెళ్లిళ్లలో వెయ్యి మందికి గాడిపొయ్యి దగ్గర నిలబడి వండేది ఎక్కువగా మగవాళ్లే. వంటకు పేరు మోసినదీ నలుడు, భీముడే. ఇంట్లో నలుగురుంటే ఒకరు కూరలు తరగాలి, ఒకరు కొబ్బరి తురమాలి, ఒకరు వడ్డించాలి, ఒకరు గిన్నెలు కడగాలి. అప్పుడు పదకొండు రకాలూ పన్నెండింటికల్లా సిద్ధం. వండినావిడా పంక్తిలోనే కూర్చుంటుంది.

మితవాది: అలా నలుగురూ దిగే ఇంట్లో పదకొండు కాదు, పదిహేను చేసుకున్నా అడ్డం చెప్పేదేమీ లేదు. దిగుతున్నారా అన్నదే ప్రశ్న. దేశంలో ఎవరు రోజును ఎలా గడుపుతున్నారో కేంద్ర గణాంక శాఖ సర్వే చేసింది. 2019లో, ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసిన మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో మళ్లీ లెక్కపెడితే ఆడవాళ్ల సమయం 289కి తగ్గింది. మగవాళ్లదీ తగ్గింది, 88కి.